పిచ్చిబొంత

సంస్కృతమున కంథా యను శబ్దము కలదు. చింపిగుడ్డలు అతికి కుట్టిన కప్పునకు అది పేరు. వైరాగ్యమును వర్ణించు కవులు సన్న్యాసి యాస్తిని లెక్కించునపుడు కౌపీనము ప్రక్కనే ఈ కంథను గూడ చేర్చుచుందురు. మన బొంత యను మాటకును లోకములో అట్టి దారిద్ర్యమే అంటియున్నది. బొంత కప్పుకొన్నవానిని చూచి జాలిపడుదుము. బొంత కుట్టిన చేతిని గూర్చి మాత్ర మెవరును విచారింపరు. ఆ చేయి సాధారణముగా స్త్రీది. ఆ పని సాధారణముగా ఇంటిపనులన్నియు ముగిసిన పిమ్మట దీపపు వెలుతురులో జరుగునది. చరిత్ర రచించువారు ఖడ్గమును గూర్చి వ్రాసిరి, కలమును గూర్చి వ్రాసిరి, సూదిని మరచిరి. అట్లు మరువబడిన సూదిచరిత్రలో ఒక చిత్రమైన యధ్యాయమును పాఠకుల యెదుట నుంచుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఆ యధ్యాయము అమెరికా దేశమున 1876 తరువాతి పాతిక సంవత్సరములలో జరిగినది. ఆ కాలమున అక్కడి మధ్యతరగతి గృహములలో స్త్రీలు పట్టుముక్కలను, మకమలుముక్కలను ఒక క్రమము లేకుండ పేర్చి, వాని సందులపై రంగురంగుల పట్టునూలుతో నానావిధములైన కుట్లు కుట్టి బొంతలు తయారుచేసిరి. వానికి క్రేజీ క్విల్ట్ అని పేరు వచ్చినది. తెలుగున పిచ్చిబొంత యనవచ్చును. కాని క్రేజ్ యను నాంగ్లశబ్దమునకు తొలి యర్థము పిచ్చి కాదు, పగులుట, బీటలువారుట. పింగాణి పాత్రలపై మెరుగుపొరలో సన్నని బీటలు వలవలె వ్యాపించినపుడు నేటికిని ఆ ధాతువునే వాడుదురు. కావున ఈ బొంత పేరులో పగులును కలదు, పిచ్చియును కలదు. ఈ రెండర్థములును దాని చరిత్రలో ఎట్లు ఫలించినవో ముందు చూతము.

ఇంతకు పూర్వము అమెరికా బొంతలలో క్రమమే ప్రధానము. ఒక్కసారిగా పెద్ద బొంతను కుట్టుటకు ఇరుకైన యింట చోటు చాలదు. అందుచే స్త్రీలు దానిని చిన్నచిన్న చదరములుగా విభజించిరి. ఒక్కొక్క చదరము రమారమి ఒక యడుగు. ఒడిలో నుంచుకొని, బిడ్డను ఊపుచు, పొయ్యి చూచుకొనుచు కుట్టదగినది. చదరములన్నియు పూర్తియైన పిదప వానిని జతచేసి, నడుమ దూదిపొర పరచి, వెనుక గుడ్డవేసి, ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టును కూర్చుండి మూడు పొరలను కలిపి కుట్టెడివారు. తమకని గడియ తీరిక దొరకని వారికి ఈ చదరము తీరికను ముక్కలుగా కూడబెట్టుకొను సాధనమయ్యెను.

చదరమునకు మరియొక గుణము కలదు. అది చిన్నది గనుక చెడినను నష్టము స్వల్పము. కావున క్రొత్త కుట్టు నేర్చుకొనుటకును, తెలిసిన కుట్టును మార్చి చూచుటకును దానికంటె తగిన స్థలము లేదు. ఐరోపాలో బాలికలు కుట్లు నేర్చుకొనుటకై ఒక గుడ్డపై అన్ని విధముల కుట్లను, అక్షరములను కుట్టు ఆచారము పూర్వమునుండియు కలదు. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో జేన్ బాస్టాక్ అను నామె కుట్టిన అట్టి గుడ్డ కలదు. దానిపై 1598 అను సంవత్సరము కుట్టబడియున్నది. పుస్తకము చేతికి రాని అనేకమంది బాలికలకు అక్షరములు సూదిద్వారానే పరిచయమైనవి. పిచ్చిబొంతలోని చదరము ఈ అభ్యాసపు గుడ్డకు మనుమరాలు.

ఇక 1876. అమెరికా స్వాతంత్ర్యము పొంది నూరేండ్లు నిండిన సందర్భమున ఫిలడెల్ఫియా నగరమున మే 10వ తేది మొదలు నవంబరు 10వ తేది వరకు మహాప్రదర్శనము జరిగెను. దాదాపు కోటి ప్రవేశములు లెక్కకు వచ్చినవి. అందు జపానువారి పింగాణిని, తెరలను, చిత్రములను చూచి జనులు ముగ్ధులైరి. ఎడమ కుడి సరితూగని రచన, మూలనుండి వంగిన కొమ్మ, పగిలిన మంచువలె కోణాకృతులు గల యలంకారము, విసనకఱ్ఱలు, కొంగలు ఇవి వారి కన్నులకు నూతనములు. సమముగ లేనిదియు సుందరము కావచ్చునని వారికి తోచెను. అదే ప్రదర్శనములో లండను రాజకీయ సూదిపని పాఠశాలవారు తమ పనితనమును చూపిరి. 1872లో స్థాపింపబడిన ఆ పాఠశాల జీవనోపాధి లేని కులీన స్త్రీలకు గౌరవమైన వృత్తి కల్పించుట తన యుద్దేశములలో నొకటిగా పెట్టుకొన్నది. ఈ రెండు దృశ్యములు కలిసి పిచ్చిబొంతకు బీజములైనవి.

ఆ సంవత్సరమే, ఆ నగరమందే, జూలై 4వ తేది స్వాతంత్ర్యోత్సవ సభలో సూసన్ ఆంథొనీ మొదలగు స్త్రీలు అనుమతి లేకయే వేదికను సమీపించి స్త్రీల హక్కుల ప్రకటనమును అందజేసి, వెలుపలికి వచ్చి దానిని ప్రజలకు చదివి వినిపించిరి. నూరేండ్ల స్వాతంత్ర్యములో స్త్రీకి భాగమేదియని వారి ప్రశ్న. ఒకే నగరమున, ఒకే వేసవిలో, ఒక స్త్రీసమూహము సూదిపని చూచుచుండెను. వేరొకటి ఓటు నడుగుచుండెను. ఈ రెండును విరుద్ధములా, ఒకే దారిలోని రెండు మజిలీలా యన్నదే ఈ చరిత్రలోని ముఖ్యవిషయము.

పిచ్చిబొంత కుట్టు విధానము చెప్పుదును. ముందుగా ఒక ముతక నూలుగుడ్డను చదరముగా కత్తిరింతురు. అది బయటికి కనబడని ఆధారము. దానిపై పట్టుముక్కలను ఇష్టము వచ్చిన కోణములలో పేర్చి, అంచులు లోనికి మడిచి కచ్చాకుట్టుతో నిలుపుదురు. ఆ పిమ్మట ప్రతి సందుపైనను ఒక యలంకారపు కుట్టు నడిపింతురు. ఈకవలె ఇరుప్రక్కల కొమ్మలు వేయు కుట్టు, చేపముల్లువలె అడ్డదిడ్డముగ పెనవేయు కుట్టు, కాజాకుట్టు, గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు ఇవి మూలములు. ఇవి పట్టుమని పది లేవు. కాని వ్యాకరణమున ధాతువు ఒకటే యైనను ప్రత్యయములు చేరి అనేక రూపములు పుట్టునట్లు, ఈ కొద్ది కుట్లనుండి వందలకొలది రచనలు పుట్టినవి. చేపముల్లు కుట్టు కొసలందు ముడులు చేర్చిన నొక రూపము. ఆ ముడుల చుట్టును గొలుసు రేకులు చేర్చిన మరియొక రూపము. కాజాకుట్టులోని కాళ్లను పొడుగు పొట్టి చేసిన వేరొకటి. రెండు రంగుల నూలు వాడిన ఇంకొకటి. ఒక బొంతలో ఏ సందునందును వేసిన కుట్టు మరల వేయకూడదని వ్రతము పట్టిన స్త్రీలును కలరు. మిగిలిన ఖాళీలలో సాలెపురుగు, దాని గూడు, గుడ్లగూబ, విసనకఱ్ఱ, పువ్వులు, కుటుంబమువారి పేళ్ల పొడియక్షరములు, సంవత్సరము కుట్టెడివారు.

ఇంకొక విశేషము. ఈ బొంతలలో పెక్కింటికి నడుమ దూదిపొర లేదు. పొరలను కలుపు కుట్టును లేదు. చలి కాచుట వాని పని కాదు. చావడిలో కుర్చీపైననో పియానోపైననో పరచుటకే అవి పుట్టినవి. వంగదేశమున స్త్రీలు పాత చీరలను, ధోవతులను పొరలుగా పేర్చి, చీర అంచులనుండి లాగిన దారముతో కుట్టు కాంథాలతో వీనిని పోల్చి చూడుడు. ఆ కాంథా అవసరమునుండి పుట్టి సౌందర్యమును చేరినది. దానికి ఆధారము సామాన్యమైన పోగుకుట్టు. దాని నడుమ తరచుగా ఒక పద్మము వికసించియుండును. పిచ్చిబొంత అవసరము తీరిన యింట పుట్టినది. గురుసదయ దత్తు వంటి వారు పూనుకొని సేకరింపకున్నచో ఆ కాంథాలలో ఎన్నియో చినిగి నశించియుండెడివి. రెంటికిని సమానమైన దొక్కటే: కుట్టినవారి పేరు తరచుగా మిగులలేదు.

ఇంత తీరిక యెక్కడనుండి వచ్చినది? యంత్రమునుండి. ఎలియాస్ హౌ 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను కుట్టుయంత్రములకు హక్కుపత్రములు పొందిరి. కొన్ని దశాబ్దములలో యంత్రము మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చి బట్టలు కుట్టు భారమును తగ్గించెను. చేతిసూదికి అవసరమైన పని తగ్గగా అలంకారపు పని మిగిలెను. అంతర్యుద్ధానంతరము పట్టుమిల్లులు, ముఖ్యముగా న్యూజెర్సీలోని పాటర్సను నగరమున, విస్తరించి పట్టు చౌకయయ్యెను. మిల్లులవారు కత్తిరింపు ముక్కలను పొట్లములుగట్టి టపాలో అమ్మిరి. చిల్లులు పొడిచిన కాగితపు నమూనాలు, కుట్ల పటములు పత్రికలలో ప్రకటితమయ్యెను. పొగచుట్టల కట్టలకు చుట్టిన పట్టునాడాలు సైతము బొంతలలో చేరినవి. స్వేచ్ఛగా, వింతగా కనబడిన ఈ పిచ్చి వెనుక వ్యాపారస్థుని లెక్క చాల స్పష్టముగా నుండెను.

ఆ లెక్కలో నొక మోసమును కలదు. పట్టును జిగురు తీసి శుభ్రము చేసినపుడు దాని తూకములో రమారమి నాలుగవవంతు పోవును. పట్టు తూకమునకు అమ్ముడుపోవు సరకు. పోయిన తూకమును మరల రాబట్టుటకై కొందరు తయారీదారులు తగరము, ఇనుము మొదలగు లోహలవణములలో పట్టును ముంచిరి. గుడ్డ బరువెక్కెను, మెరుపెక్కెను, చేతపట్టిన గలగలలాడెను. కాని ఆ లవణములే కాలక్రమమున పోగును కొరికివేసినవి. నేడు మ్యూజియములలోని పిచ్చిబొంతలలో అనేక పట్టుముక్కలు తమంతట తాము బీటలువారి పొడిపొడియై రాలుచున్నవి. క్రేజ్ అను శబ్దముయొక్క తొలియర్థము ఇట్లు సార్థకమైనది. విచిత్రమేమన, పట్టుముక్క రాలిపోయిన చోటులందు అడుగున ముతక నూలుగుడ్డయు, సందుపై ఆమె కుట్టిన కుట్టును తరచుగా నిలిచియున్నవి. కొన్న సొగసు పోయినది. చేసిన పని నిలిచినది.

ఈ వేడుకను ఆ కాలపు వారందరును మెచ్చలేదు. 1880 దశాబ్దము ముగియకముందే, కన్నులు చెడగొట్టుకొని కాలము వ్యర్థపరచుచున్నారని పత్రికలు పరిహసింపసాగినవి. పరిహాసమును లెక్కింప బనిలేదు. కాని ఆలోచింపదగిన విమర్శ యొకటి ఆరిగన్ రాష్ట్రమునుండి వచ్చినది. ఎబిగెయిల్ స్కాట్ డ్యూనివే అను నామె భర్త ప్రమాదమున అంగవైకల్యము పొందగా, బడి నడిపి, టోపీల దుకాణము నడిపి సంసారము పోషించినది. 1871లో పోర్ట్‌లాండు నగరమున న్యూ నార్త్‌వెస్ట్ అను పత్రికను స్థాపించి స్త్రీల హక్కులకై పదునారేండ్లు నడిపినది. సొంత సోదరుడే వేరొక పత్రికకు సంపాదకుడై ఆమె యుద్యమమును వ్యతిరేకించెను. ఈమె దృష్టిలో బొంత జీతము లేని స్త్రీదాస్యమునకు గురుతు. పని యంతయు చేసి, చేతిలో కాసు లేక, మిగిలిన కొద్ది తీరికనుగూడ గుడ్డపీలికలలో పోగొట్టుకొను స్త్రీని చూచి ఆమె కోపించినది. ఆ కోపము న్యాయమైనది.

అయినను చరిత్ర అక్కడ ఆగలేదు. ఈ డ్యూనివే తాను 1869లో ముక్కలు కూర్చిన యొక బొంతను దాచియుంచి, 1900లో దానిని పూర్తిచేసి, స్త్రీల ఓటుహక్కు ఉద్యమమునకు ధనము చేకూర్చు జాతీయ విక్రయశాలకు ఇచ్చినది. ఆరిగన్‌లో స్త్రీల ఓటుహక్కు ప్రతిపాదన అయిదుసార్లు ఓడి, 1912లో గెలిచెను. ఆ విజయ ప్రకటనమును వ్రాసినది వృద్ధురాలైన ఆమెయే. బొంతను దాస్యచిహ్నమని నిందించిన చేయియే బొంతను స్వాతంత్ర్యమునకు కానుక చేసినది. ఇందు అసంగత మేమియు లేదు. ఆమె నిందించినది సూదిని కాదు. ఆ సూదిపై స్త్రీకి అధికారము లేకపోవుటను. ఆమె ఇచ్చిన బొంతకు వెల కలదు. ఆ వెల ఎచ్చటికి పోవలెనో నిర్ణయించినది ఆమెయే.

ఈ వెల సంగతిని మరియొక స్త్రీ వేరొక మార్గమున గ్రహించినది. న్యూయార్కులోని కాండేస్ వీలర్ ఫిలడెల్ఫియాలో లండను పాఠశాలవారి పనిని చూచి, 1877లో అలంకారకళా సంఘమును స్థాపించుటకు పూనుకొన్నది. 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమున ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించిరి. అట్టి యిండ్ల స్త్రీలకు చేతిపనియే ఆధారము. కాని దానిని అమ్ముకొనుట అగౌరవమని లోకము భావించుచుండెను. వీలర్ ఆ భావమును మార్చుటకు ప్రయత్నించినది. అయితే ఆ సంఘము ఉన్నతశ్రేణి కళాకృతులనే స్వీకరించుటచే సామాన్య స్త్రీలు దూరమగుచున్నారని గుర్తించి, 1878లో స్త్రీల పనులకు విక్రయశాల నొకదానిని స్థాపించుటలో తోడ్పడినది. అందు ఎంబ్రాయిడరీయే గాక ఇంట చేసిన భక్ష్యములును అమ్ముడుపోయినవి. తాను ఆరంభించిన సంస్థలోని లోపమును త్వరలోనే గ్రహించి దిద్దుకొన్న ఈమె వివేకము సంస్కర్తలందరును గమనింపదగినది.

కాని విక్రయశాల అందరికిని అందుబాటులో లేదు. జార్జియా రాష్ట్రమున ఆథెన్సు పట్టణము చెంత 1837లో బానిసగా పుట్టిన హారియట్ పవర్సు అను నల్లజాతి స్త్రీ కథ వినుడు. ఆమె కుట్టినది పిచ్చిబొంత కాదు. పదునొకండు గడులలో ఆదాము హవ్వలు, యాకోబు కల, ఏసు బాప్తిస్మము, చివరి విందు మొదలగు బైబిలు గాథలను గుడ్డబొమ్మలుగా కత్తిరించి అతికి కుట్టిన బొంత అది. 1886లో ఆథెన్సులోని ప్రత్తిసంతలో దానిని ప్రదర్శించిరి. జెన్నీ స్మిత్ అను తెల్లజాతి చిత్రకళోపాధ్యాయిని చూచి ముగ్ధురాలై కొందునన్నది. పవర్సు అమ్మనన్నది. కొన్ని సంవత్సరములకు కాలము కఠినమై, సంసారము జరుగుట కష్టమైనపుడు పవర్సు తానే బొంతను మూటగట్టి యెద్దుబండిలో తెచ్చి పది డాలరు లడిగినది. స్మిత్ తనయొద్ద అయిదే గలవన్నది. భర్తతో ఆలోచించి పవర్సు ఆ అయిదింటికే ఇచ్చివేసినది.

ఇచ్చునపుడు ఒక్కొక్క గడిలోని కథను ఆమె వివరించి చెప్పగా స్మిత్ వ్రాసికొన్నది. పిదప పవర్సు పలుమారులు ఆ యింటికి వచ్చి బొంతను చూచి పోయెడిది. అది తన మెదడునుండి పుట్టిన బిడ్డయని ఆమె భావము. చిరకాలము ఆమె నిరక్షరాస్యయని లోకము వ్రాసెను. ఆమె చదువను వ్రాయను నేర్చినదని తెలుపు లేఖప్రతి యొకటి ఇరువదియొకటవ శతాబ్దమున వెలుగులోనికి వచ్చినది. 1910లో ఆమె చనిపోయినది. ఆ అయిదు డాలరుల బొంత నేడు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన జాతీయచరిత్ర మ్యూజియములో నున్నది. ఆమె కుట్టిన రెండవ బొంత బోస్టను లలితకళా మ్యూజియములో నున్నది. ఆమె చేతిపనులలో మనకు నిశ్చయముగ మిగిలినవి ఈ రెండే.

ఇరువదవ శతాబ్దారంభమునకు పట్టు పిచ్చిబొంతల మోజు తగ్గెను. పల్లెలలో మాత్రము స్త్రీలు పాత ఉన్నికోట్ల ముక్కలతో అదే పద్ధతిని సాగించి దానికి మరల చలి కాచు పని నప్పగించిరి. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియమువారు అమెరికా బొంతలను గోడలకు వ్రేలగట్టి నవీన చిత్రములతో సమానముగా ప్రదర్శించిరి. లోకము ఆశ్చర్యపడెను. కాని ఆ గోడలపై బొంతలకు గౌరవము దక్కినంతగా కుట్టినవారికి దక్కలేదు. పెక్కింటికి కర్త్రి పేరే లేదు. 1973లో పాట్రిషియా మైనార్డి ఈ విషయమును ఎత్తిచూపుచు, బొంతలు స్త్రీల మహాకళయని వ్యాసము వ్రాసినది. పేరు లేనిది కుట్టినవారికి పేరు లేక కాదు, అడిగినవారు లేక. పవర్సు పేరు మిగులుటకు కారణము, కొన్నవారు కూర్చుండి ఆమె మాట వ్రాసికొనుటయే.

ఈ చరిత్రవలన తేలిన దేమి? సూదిపని స్త్రీని బంధించునా, విడిపించునా యను ప్రశ్నకు సూదిలో సమాధానము లేదు. చదువుకు బదులుగా సూది నిచ్చిన నది సంకెల. చదువుతోపాటు సూది నిచ్చి, ఆ పనికి వెల కట్టి, ఆ వెలను ఆమె చేతిలో నుంచి, ఆ పనిపై ఆమె పేరు నిలిపిన నది విద్య. కాలము వ్యర్థమని పరిహసించిన పత్రికలు ఆ కాలమెవరిదని అడుగలేదు. ఒక యడుగు చదరములో ఇదివరకు లేని కుట్టు నొకదానిని కనిపెట్టిన స్త్రీ ఆ గడియసేపు ఎవరి యాజ్ఞకును లోబడక తన బుద్ధితో నిర్ణయము చేసినది. ఆ సుఖము తెలిసిన బుద్ధి ఒక్క చదరముతో తృప్తిపడదు. అందుచేతనే కాబోలు, చావడిలో పిచ్చిబొంతలు మెరసిన తరమునకు పిమ్మట వచ్చిన తరము ఓటు సంపాదించినది.

చదువరుల యిండ్లలో పెట్టెల యడుగున అమ్మమ్మలు, నాయనమ్మలు కుట్టిన బొంతలుండవచ్చును. వానిని బయటికి తీసినపుడు గుడ్డ యెంత పాతదో చూచుటకు ముందు కుట్టును చూడుడు. కుట్టినవారు బ్రతికియున్నచో ప్రక్కన కూర్చుండి ఏ ముక్క ఎవరి చీరదో, ఏ కుట్టు ఎవరు నేర్పిరో అడిగి వ్రాసికొనుడు. బొంత వెనుక ఒక మూల వారి పేరును, సంవత్సరమును వారిచేతనే కుట్టింపుడు. ఇందులకు పట్టు అక్కరలేదు. రెండు మూరల దారము చాలును.